పీకించుకోకండి, వాడుకోండి
లక్ష్మీనగర్‌లో జ్ఞానదంతం నొప్పితో, పీకించుకునే తేదీ కోసం ఎదురుచూస్తున్నవారికి చిట్కాలు

జ్ఞానదంతం మామూలుగా 17 నుంచి 25 ఏళ్ళ మధ్య బయటికొస్తుంది. సీఏ ఫౌండేషన్ రాసేదీ, ఇంటర్మీడియట్‌లో ఒక గ్రూపు గట్టెక్కి ఇంకో గ్రూపు మిగిలిపోయేదీ, ఆర్టికల్‌షిప్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేదీ సరిగ్గా ఆ వయసులోనే. అందుకే తూర్పు ఢిల్లీలో, వికాస్ మార్గ్ పక్కన సీఏ కోచింగ్‌లతో నిండిన లక్ష్మీనగర్‌లో ఏ పీజీ హాస్టల్ తలుపు తట్టినా లోపల ఎవరో ఒకరు బుగ్గ పట్టుకుని కూర్చుని ఉంటారు. వాళ్ళలో ఒంగోలు నుంచి, ఖమ్మం నుంచి, కాకినాడ నుంచి కోచింగ్‌కొచ్చిన మన పిల్లలూ ఉన్నారు. అమ్మానాన్నలు దగ్గర లేరు, హిందీ అంతంతమాత్రం, పరీక్ష తరుముకొస్తోంది, దవడలో పన్ను సలుపుతోంది. ఇంత మంచి అవకాశం మళ్ళీ రాదు.

మీ కథ ఇక్కడిదాకా వచ్చిందనుకుంటాను. డాక్టరు నోరు తెరిపించి చూశారు. కింద కుడి దవడ చివరి పన్ను నిటారుగా రాకుండా ముందుకు వాలి పక్క పన్నును నెడుతోందన్నారు. దాన్ని సగం కప్పిన చిగురు వాచింది, ముందు ఆ వాపు తగ్గాలి, ఎక్స్‌రే తీయించుకు రండి, ఫలానా తేదీన పీకేద్దాం అన్నారు. మందులు రాశారు. ఆ తేదీకీ ఈ రోజుకీ మధ్య ఉన్న ఖాళీని ఎలా గడపాలన్నదే మన విషయం. తెలివితక్కువవాళ్ళు ఆ రోజుల్లో నొప్పి తగ్గించుకుంటారు. నొప్పి తగ్గితే క్లాసుకెళ్ళాలి, బట్టలు ఉతుక్కోవాలి, కాస్టింగ్ చదవాలి. మనకెందుకా గొడవ? గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా ఎలా తీసుకెళ్ళాలో వరసగా చెప్తాను, రాసుకోండి.

1. ఇంట్లో ఒక మాట, డాక్టరుకి ఒక మాట చెప్పండి.

అమ్మ ఫోన్ చేసి "ఏరా నాన్నా, పీకేశారా?" అంటే, "లేదమ్మా, పీకాక చూసుకునే మనిషి ఉండాలట, ఇంటికెళ్ళి పీకించుకోమన్నారు" అనండి. డాక్టరు "చెప్పిన తేదీకి వస్తున్నావా?" అంటే, "మా అమ్మ ఒప్పుకోవట్లేదు సర్, మా ఊళ్ళో తెలిసిన డాక్టరున్నారట" అనండి. అమ్మకి డాక్టరు నంబరు తెలియదు. తెలిసినా ఆవిడకి హిందీ రాదు, ఆయనకి తెలుగు రాదు. మధ్యలో దుబాసీ మీరే. ఈ రెండు అబద్ధాలూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటూ నెలల తరబడి నడుస్తాయి.

ఒక్కోసారి నాన్న కల్పించుకుంటారు. "అయితే వచ్చెయ్. విజయవాడలో గవర్నమెంట్ డెంటల్ కాలేజీ ఉంది, హైదరాబాద్ అయితే అఫ్జల్‌గంజ్‌లో ఉంది, ఎక్కడో ఒకచోట చూపిద్దాం" అంటారు. కంగారు పడకండి. "తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కి చూశాను నాన్నా, వెయిటింగ్ లిస్టు" అనండి. ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కి ఒక పగలూ ఒక రాత్రీ దాటిన ప్రయాణం. అంతసేపు ఈ నొప్పితో పై బెర్తులో పడుకోలేనని గొంతు తగ్గించి చెబితే ఏ తండ్రైనా కరుగుతాడు. "సరే, ముందు అక్కడే ఎక్స్‌రే తీయించుకో" అని డబ్బు పంపుతారు. దాని సంగతి మూడో చిట్కాలో.

2. దూరం పెంచండి.

లక్ష్మీనగర్‌తో ఉన్న పెద్ద ఇబ్బంది ఏమిటంటే, పళ్ళ ఆసుపత్రి మరీ దగ్గర. ఢిల్లీ ప్రభుత్వం నడిపే మౌలానా ఆజాద్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెంటల్ సైన్సెస్ యమున దాటగానే, బహదూర్ షా జఫర్ మార్గ్ మీద మెడికల్ కాలేజీ ఆవరణలో ఉంది. లక్ష్మీనగర్‌లో బ్లూ లైన్ ఎక్కండి, మండీ హౌస్‌లో దిగి వయొలెట్ లైన్‌కి మారండి, రెండో స్టేషన్ ఢిల్లీ గేట్. అంతే. 2017 మేలో ఆ లైన్‌ని ఐటీఓ నుంచి కశ్మీరీ గేట్ దాకా పొడిగించి, దారిలో ఢిల్లీ గేట్ స్టేషన్ కూడా తెరిచి, మెట్రోవాళ్ళు మన సాకులకి తీరని అన్యాయం చేశారు.

ఈ నిజం ఇంట్లో పొక్కనివ్వకండి. "ఆసుపత్రి యమున అవతల ఉందమ్మా" అనండి, చాలు. నది దాటాలి అన్న మాటకి మన ఊళ్ళలో ఉన్న బరువే వేరు. అమ్మ కళ్ళముందు పడవ, సుడిగుండం, తడిసిన చొక్కా కనిపిస్తాయి. మెట్రో వంతెన మీద ఏసీలో నిలబడి రీల్స్ చూస్తూ దాటేస్తారని ఆవిడకి ఎవరూ చెప్పకపోతే మంచిది.

మీకు మీరు చెప్పుకోవడానికీ ఒక సాకు కావాలి కదా. యమునా బ్యాంక్‌లో నోయిడా రైలూ వైశాలి రైలూ కలుస్తాయి. ఆ తోపులాటలో ఎవరి మోచేయో మీ బుగ్గకి తగిలితే? పైగా ప్రభుత్వాసుపత్రిలో ఓపీ చీటీ పొద్దున్నే తీసుకోవాలి. మీకు అది అర్ధరాత్రి.

3. ఎక్స్‌రే తీయించుకుంటే చూపించకండి. తీయించుకోకపోతే ఇంకా మంచిది.

ఓపీజీ అనే ఎక్స్‌రేలో రెండు దవడలూ, పళ్ళన్నీ ఒకే ఫిల్ములో వస్తాయి. పన్ను ఎంత వాలింది, దాని వేర్లు కింది దవడలో పోయే నరానికి ఎంత దగ్గరున్నాయి అన్నది అందులో తెలుస్తుంది. వేరు నరాన్ని ఆనుకుని ఉంటే పీకేటప్పుడు జాగ్రత్త పడకపోతే కింది పెదవి మొద్దుబారే ప్రమాదం ఉంటుంది. అందుకే డాక్టరు ముందుగా చూసుకుని పథకం వేసుకుంటారు. ఆయనకి అంత సులువు ఎందుకు చేసిపెట్టాలి?

ఫిల్ము ఉంటే ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌గా పెట్టండి, కింద "నీడ్ రెస్ట్" అని రాయండి. చూసినవాళ్ళ లెక్క రోజంతా చూసుకోండి. చెప్పిన తేదీన మాత్రం ఫిల్ము రూములో మరిచిపోండి. కొత్త తేదీ వస్తుంది. నాన్న పంపిన డబ్బు ఇంకా ఖర్చు కాలేదా? ఒక్క స్టేషన్ అవతల నిర్మాణ్ విహార్‌లో వీ3ఎస్ మాల్ ఉంది, దాంట్లో సినిమా హాలుంది. చీకట్లో వాచిన బుగ్గ ఎవరికీ కనిపించదు, వాయని బుగ్గ కూడా కనిపించదు.

4. ఉప్పునీళ్ళు దగ్గరికి రానివ్వకండి.

ఇది కాస్త లోతుగా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే మన మొత్తం వ్యవహారం నడిచేది ఈ అరంగుళం చోటులోనే. పన్ను సగమే బయటికొచ్చింది. మిగతా సగం మీద చిగురు మూతలా పడుకుని ఉంది. ఆ మూతకీ పన్నుకీ మధ్య ఒక సందు. టిఫిన్ డబ్బాలో వచ్చిన రాజ్మా తొక్క, భటూరా ముక్క, ఇంటి నుంచి వచ్చిన కందిపొడి అందులో చేరతాయి. బ్రష్ అక్కడిదాకా పోదు. లోపల కుళ్ళి, సూక్ష్మజీవులు పెరిగి, చిగురు ఉబ్బుతుంది. ఉబ్బిన చిగురు మీద పై పన్ను నమిలిన ప్రతిసారీ గుద్దుతుంది. గుద్దినకొద్దీ ఇంకా ఉబ్బుతుంది. బయటివాళ్ళ సాయం అక్కర్లేకుండా తనంతట తాను తిరిగే యంత్రం ఇది.

గోరువెచ్చని నీళ్ళలో అరచెంచా ఉప్పు కలిపి, తిన్న ప్రతిసారీ ఆ వైపు నిలిపి పుక్కిలిస్తే ఆ సందు శుభ్రపడి యంత్రం ఆగిపోతుంది. అందుకే వద్దంటున్నాను. (ఉప్పుని నేను మొదటి నుంచీ నమ్మను. వంటింట్లో దొరికే వస్తువుతో ఉపశమనం కలిగితే పెద్ద చదువులు చదివిన డాక్టర్లని అవమానించినట్టే.) ఎవరైనా అడిగితే "పీజీలో గీజర్ పాడైంది" అనండి. లక్ష్మీనగర్‌లో ఈ మాటని ఎవరూ అనుమానించరు. డాక్టరు మౌత్‌వాష్ రాసి ఉంటే సీసా కొని, మూత విప్పకుండా కిటికీలో పెట్టుకోండి. చూసినవాళ్ళకి మీరు వైద్యం చేయించుకుంటున్నట్టు ఉంటుంది.

బ్రష్ చేయడం ఆ వైపు పూర్తిగా మానేయండి. రెండో వైపు కూడా మానేస్తే సమానంగా ఉంటుంది.

5. లవంగం విషయంలో అమ్మ మాట వినండి, కానీ పదింతలు వినండి.

లవంగ నూనెలో యూజినాల్ ఉంటుంది, అది కాసేపు తిమ్మిరెక్కిస్తుంది. దూదికి ఒక చుక్క అద్ది పెట్టుకుంటే సరిపోతుందని పెద్దలంటారు. ఒక్క చుక్కతో సరిపెట్టుకునేవాళ్ళు జీవితంలో ఏం సాధిస్తారు? సీసా వంచండి. చిగురు కాలుతుంది. దాని మీద వెల్లుల్లి దంచి రాత్రంతా దవడలో పెట్టుకోండి, ఇంకొంచెం కాలుతుంది. ఆపైన ఎవరో ఒకరు ఆస్పిరిన్ మాత్ర మింగకుండా పన్ను పక్కనే పెట్టుకోమంటారు. అది ఆమ్లం కదా, తెల్లారేసరికి బుగ్గ లోపలి పొర తెల్లగా ఉడికి ఊడి వస్తుంది. నిన్నటిదాకా ఒక్క పన్నే నొప్పి. ఈ రోజు ఆ వైపు మొత్తం.

6. మందులు రూమ్మేట్ల సొరుగులోంచే తీసుకోండి.

డాక్టరు చీటీ ఇచ్చారు నిజమే. దాన్ని పట్టుకుని మెడికల్ షాపుకెళ్ళాలంటే మూడంతస్తుల మెట్లు దిగాలి. ఈలోగా నలుగురుండే రూములో నాలుగు సొరుగులు. ఒకదాంట్లో డోలో, ఒకదాంట్లో కాంబిఫ్లామ్, ఒకదాంట్లో కెటరాల్ డీటీ, ఒకదాంట్లో పేరు చెరిగిపోయిన అట్ట. దేన్నీ చిన్నచూపు చూడకండి.

కాంబిఫ్లామ్ మాత్రలో ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, పారాసెటమాల్ 325 ఉంటాయి. డోలో 650 మొత్తం పారాసెటమాలే. పెద్దవాళ్ళకి పారాసెటమాల్ రోజుకి 4 గ్రాములు దాటకూడదంటారు, దాటితే కాలేయం దెబ్బతింటుందంటారు. రెండు పేర్లున్న మందు ఒకటే మందని కనిపెట్టాలంటే అట్ట వెనక చిన్న అక్షరాలు చదవాలి, కూడాలి. రోజంతా డెబిట్లూ క్రెడిట్లూ కూడేవాళ్ళకి ఇంటికొచ్చాక కూడా కూడికలేనా? వదిలేయండి. ఐబుప్రొఫెన్, కెటరాల్‌లోని కీటోరోలాక్ ఒకే కుటుంబానికి చెందినవి కాబట్టి రెండూ కలిపి వేసుకోకూడదని, కడుపులో పుండుపడి రక్తం పోవచ్చని కూడా అంటారు. కెటరాల్ మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్ళది. సొంతవాళ్ళ మందు మనకి హాని చేస్తుందా? ఖాళీ కడుపున వేసుకోండి. కడుపు మండితే కాసేపు పన్ను గుర్తుకు రాదు, వైద్యం పనిచేసినట్టే.

7. యాంటీబయాటిక్ సగంలో ఆపండి.

మూడో రోజుకి వాపు కాస్త దిగుతుంది. అదే ఆపాల్సిన సమయం. మిగిలిన మాత్రలు దాచుకోండి, వచ్చే నెల మళ్ళీ వాచినప్పుడు పనికొస్తాయి. అప్పటికి ఆ మందుకి లొంగని సూక్ష్మజీవులే లోపల మిగిలి ఉంటాయి కాబట్టి పనికిరావు కూడా. పక్క రూమువాడికి జలుబు చేస్తే రెండు దానం చేయండి, పుణ్యం. మెట్రోనిడజోల్ వాడుతున్నంతకాలం మందు ముట్టవద్దని డాక్టరు చెప్పి ఉంటారు. ఏ మందు అన్నది ఆయన స్పష్టంగా చెప్పలేదు కాబట్టి మీరు మాత్రనే ముట్టకుండా మానేయండి, సీసా ఉంచుకోండి.

8. గోల్గప్పా పరీక్ష చేసుకోండి.

మామూలుగా మనిషి నోరు తన మూడు వేళ్ళు నిలువుగా పట్టేంత తెరుచుకుంటుంది. చిగురు వాపు దవడ కండరాలకి పాకితే నోరు బిగుసుకుపోయి, రెండు వేళ్ళే పడతాయి, తర్వాత ఒకటే. డాక్టర్లు దీన్ని చాలా పట్టించుకుంటారు, రోజూ చూసుకోమంటారు. వేళ్ళు నోట్లో పెట్టుకోవడం అసహ్యం. మంగళవారం సాయంత్రం మంగళ్ బజార్‌కి వెళ్ళి, గోల్గప్పా బండి దగ్గర నిలబడి కొలుచుకోండి. నిండుగా పుదీనా నీళ్ళు పోసిన పూరీ పగలకుండా లోపలికి పోతే మీ నోరు ఇంకా మరీ ఆరోగ్యంగా ఉందన్నమాట, చిట్కాలు సరిగ్గా పాటించడం లేదు. పెదవుల దగ్గరే పగిలి నీళ్ళు చొక్కా మీద పడితే దారిలో పడ్డారు. పూరీ చిప్ప ముక్క ఒకటి ఆ చిగురు సందులో నిలువుగా గుచ్చుకుంటే ఆ వారానికి సరిపడా పని అయిపోయినట్టే.

మిగతా రోజుల్లో గట్టివీ కారంగా ఉండేవీ తినండి. అమ్మమ్మ పంపిన జంతికలు ఇన్నాళ్ళూ అటకెక్కించారు, ఇప్పుడు దించండి. ఆదివారం అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి బిర్యానీకి వెళ్ళండి. ఆసుపత్రికి వెళ్ళడానికి యమున అడ్డొచ్చింది కానీ బిర్యానీకి రాదు, అదే నదైనా. ముక్క మాత్రం నొప్పి ఉన్న వైపే నమలండి. మెత్తగా పెరుగన్నం, ఇడ్లీ, కిచిడీ తిని రోజులు గడిపేవాళ్ళ జోలికి పోకండి, వాళ్ళు చెప్పిన తేదీకి చక్కగా వెళ్ళి పీకించుకునే రకం.

9. ఏ బుగ్గో గుర్తుంచుకోండి.

చాలామంది దొరికిపోయేది ఇక్కడే. పొద్దున కుడి బుగ్గ పట్టుకుంటారు, సాయంత్రం ఎడమ బుగ్గ పట్టుకుంటారు. అరచేతిలో పెన్నుతో "కు" అని రాసుకోండి. నిద్ర లేవగానే చూసుకోండి. దూది ఉండ ఒకటి దవడలో పెట్టుకుంటే వాపు తగ్గిన రోజుల్లో కూడా ముఖం నిండుగా ఉంటుంది, మాట ముద్దగా వస్తుంది. ఆ మాటతో రూమ్మేట్లకి పనులు పంచండి. నీళ్ళ బాటిళ్ళు నింపేవాడొకడు, టిఫిన్ డబ్బా తెచ్చేవాడొకడు, మీ నోట్సు జిరాక్స్ తీసేవాడొకడు. వాళ్ళలో ఒకడు మొదటి వారం "పాపం రా" అంటాడు. రెండో వారం "ఇంకా తగ్గలేదా?" అంటాడు. మూడో వారం "పద, నేనొస్తా ఆసుపత్రికి, ఇప్పుడే" అని చెప్పులు వేసుకుంటాడు. అలాంటివాడితో స్నేహం మంచిది కాదు. రూము మారండి.

10. వెల్లకిలా, దిండు లేకుండా పడుకోండి.

తల కిందికి ఉంటే రక్తం అటు చేరి పన్ను గుండెతో పాటు కొట్టుకుంటుంది. రెండు దిండ్లేసుకుని తల ఎత్తి పడుకుంటే సలుపు తగ్గి నిద్ర పడుతుంది. నిద్ర పడితే తెల్లారి క్లాసు.

11. బుగ్గకి వేడి కాపడం పెట్టండి.

జనవరి ఢిల్లీ చలిలో ఇది ఎవరికీ తప్పుగా కనిపించదు. మంకీ క్యాపు, దాని లోపల వేడినీళ్ళ సంచి, ఎదురుగా రాడ్ హీటర్. చీము పట్టిన వాపు మీద బయటి నుంచి వేడి పెడితే అది చర్మం వైపు దారి చూసుకుంటుందని డాక్టర్లు వద్దంటారు, గుడ్డలో చుట్టిన ఐసు కాసేపు ఆనించమంటారు. చలికాలంలో ఐసా? వాళ్ళకేం, చెప్తారు.

12. రెండో అభిప్రాయం తీసుకోండి, అర్హత లేనివాళ్ళ దగ్గర.

బీడీఎస్ మొదటి సంవత్సరం చదువుతున్న మీ పెద్దమ్మ కూతురికి వీడియో కాల్ చేయండి. టార్చి వెలిగించి ఫోన్‌ని నోట్లోకి దూర్చండి. ఆ పిల్లకి కనిపించేది నాలుక, ఆవిరి పట్టిన లెన్సు. "అక్కడే డాక్టర్‌కి చూపించుకో అన్నయ్యా" అంటుంది. అది కొట్టేసి ఇంకొకర్ని అడగండి. పాత ఢిల్లీలో జామా మసీదు పరిసరాల్లో ఫుట్‌పాత్ మీద కట్టుడు పళ్ళు పేర్చుకుని కూర్చునేవాళ్ళ గురించి వినే ఉంటారు. రిజిస్ట్రేషన్ లేకుండా పళ్ళ వైద్యం చేయకూడదని 1948లోనే డెంటిస్ట్స్ యాక్ట్ వచ్చింది. చట్టం కంటే గట్టి మనుషులు వాళ్ళు. ఎముకలో అడ్డంగా ఇరుక్కున్న పన్నుని ఎక్స్‌రే లేకుండా, మత్తు లేకుండా, పక్కవాడికి వాడిన పట్టుకారుతో లాగగల ధైర్యం ఇంకెవరికుంది? సగం వస్తుంది. ఆ సగం జేబులో వేసుకుని మెట్రో ఎక్కండి.

13. పరీక్షకి పన్నునే జవాబుదారీ చేయండి.

ఇంతకుముందు సీఏ పరీక్షలు ఏడాదికి రెండుసార్లే. వాటిని నిర్వహించే ఐసీఏఐ 2024 నుంచి ఫౌండేషన్‌నీ ఇంటర్మీడియట్‌నీ, 2025 నుంచి ఫైనల్‌నీ మూడుసార్లు చేసింది. జనవరి, మే, సెప్టెంబరు. ఒక్క పన్ను మీద ఏడాదికి రెండు సాకులు పండించిన మా తరానికి ఈ సౌకర్యం లేదు. పేపరుకి 40, మొత్తం మీద 50 శాతం రావాలి కదా. ఒక పేపర్లో 36 వచ్చాయనుకోండి. "ఆ నాలుగు మార్కులూ పన్ను తినేసింది నాన్నా" అనండి. 11 వస్తే మాత్రం పన్ను ఒక్కటే సరిపోదు, చెవిపోటు కలపండి. కింది జ్ఞానదంతం నొప్పి చెవిలోకి పాకడం నిజంగానే ఉంది కాబట్టి డాక్టరైనా కాదనడు. ఇంకో సంగతి: పరీక్షకి ముందు వారమే నొప్పి ఎక్కువ చేయండి, ఫలితాలొచ్చాక కాదు. ఫలితాలు చూశాక పుట్టే నొప్పిని ఇంట్లోవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

14. తేదీ రానే వచ్చిందా? నొప్పి లేదు కదా, వెళ్ళకండి.

పైవన్నీ పాటించలేకపోయినా పరవాలేదు, ఇదొక్కటి పాటిస్తే చాలు. చిగురు వాపు వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. దాని తత్వం అంతే. డాక్టరు తేదీ పెట్టింది వాపు దిగాక పీకడానికి. అంటే ఆ తేదీకి మీకు నొప్పి ఉండదు. నొప్పి లేని పన్నుని ఎవరు పీకించుకుంటారు? పొద్దున్నే లేచి అద్దంలో చూసుకోండి, వేలితో నొక్కి చూసుకోండి, "తగ్గిపోయిందిగా" అని పైకి అనండి. నొప్పి ఉన్నప్పుడు వాచింది కాబట్టి పీకరు, నొప్పి లేనప్పుడు నొప్పి లేదు కాబట్టి మీరు పీకించుకోరు. ఈ వలయంలో ఒక్కసారి కుదురుకున్నారంటే ఆర్టికల్‌షిప్ పూర్తయ్యేదాకా ఢోకా లేదు. ఆ వాలిన పన్ను కూడా ఊరుకోదు, పక్కనున్న మంచి పన్నుని వెనక నుంచి పుచ్చబెడుతూ ఉంటుంది. రేపు ఒకటి పీకాల్సిన చోట రెండు.

15. మెడ దాకా రానివ్వండి.

ఇక్కడికి చేరేవాళ్ళు తక్కువమంది. చేరినవాళ్ళకి అభినందనలు. కింది జ్ఞానదంతం వేర్ల కొనలు నోటి అడుగున పరుచుకున్న కండరం అతుక్కునే గీత కంటే దిగువన ఉంటాయి. అందుకే అక్కడ పట్టిన చీము నోట్లోకి రాకుండా దవడ కిందికి, అక్కణ్ణుంచి మెడలోకి జారగలదు. గడ్డం కింద రెండు వైపులా చెక్కలా గట్టిపడుతుంది. నాలుక పైకి, వెనక్కి తోసుకుపోతుంది. సొల్లు కారుతుంది, మింగలేరు, పడుకుంటే ఊపిరాడదు. విల్‌హెల్మ్ ఫ్రెడరిక్ ఫాన్ లుడ్విగ్ అనే జర్మన్ డాక్టరు 1836లో దీన్ని వర్ణించాడు, ఆయన పేరు మీదే లుడ్విగ్స్ ఆంజైనా అంటారు. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో ఇది వచ్చినవాళ్ళలో సగానికి పైగా చనిపోయేవాళ్ళు.

ఇందులో ఉన్న సౌఖ్యం గమనించండి. ఇక తేదీ అక్కర్లేదు, ఓపీ చీటీ కోసం పొద్దున్నే లేవక్కర్లేదు, క్యూ లేదు. మీరు మోసగించి, విసిగించి, రూము మారినా వదలని ఆ రూమ్మేటే మిమ్మల్ని ఆటోలో వేసుకుని యమున దాటిస్తాడు. లోక్‌నాయక్ ఆసుపత్రి ఎమర్జెన్సీలో స్ట్రెచర్ మీద తిన్నగా లోపలికి. పళ్ళ ఆసుపత్రి ఆ పక్కనే. మొదటి రోజు మెట్రో టికెట్‌తో వెళ్ళగలిగిన చోటికే వెళ్ళారు, కాకపోతే హోదాగా. ముందు ఊపిరికి దారి చూస్తారు, అవసరమైతే గొంతు దగ్గర చిన్న కోత పెట్టి గొట్టం వేస్తారు. రక్తనాళంలోకి మందులెక్కిస్తారు, దవడ కింద కోసి చీము తీస్తారు. అమ్మానాన్నలు తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ దొరక్క విమానంలో వస్తారు. అమ్మ వస్తూనే డాక్టర్‌తో మాట్లాడతానంటుంది. ఈసారి దుబాసీ మీరు కాలేరు, గొంతులో గొట్టం ఉంటుంది. నర్సుల్లో తెలుగమ్మాయి ఎవరూ లేకుండా ఉండాలని కోరుకోండి.

16. పీకాక కూడా పట్టు వదలకండి.

ఆఖరికి ఆ పన్ను తీసేస్తారు, తప్పదు. పీకిన గుంటలో గడ్డకట్టిన రక్తమే దానికి కట్టు. అది ఊడిపోతే ఎముక బయటపడి, పీకకముందు కంటే ఎక్కువ నొప్పి పుడుతుంది. ఊడగొట్టడం తేలికే. స్ట్రా వేసుకుని లస్సీ గట్టిగా పీల్చండి, బాల్కనీలో సిగరెట్ కాల్చండి, గుంటలో ఏముందో అని అగ్గిపుల్లతో కెలకండి. ఇంకో పది రోజులు చేతిలో ఉంటాయి.

ఆ పది రోజులూ అయిపోయాక నాలుకని ఎడమ వైపు చివరికి పోనిచ్చి తడమండి. చిన్న మొన ఒకటి తగులుతోందా? డాక్టరుకి చెప్పకండి. అరచేతిలో "కు" చెరిపేసి "ఎ" రాసుకుని, సెప్టెంబరు అటెంప్టుకి ఫారం నింపండి.